మేష్టారు తీసేయమన్న మాటలు

పొద్దున మా ఆయన పనికి వెళ్లిపోయాక అంట్లు తోమి బోర్లించి, చేతులు తుడుచుకుని, వంటింటి బల్ల దగ్గర కూర్చునేదాన్ని. బల్ల మీద ట్యాబ్ ఉండేది. తెరిస్తే ముందురోజు సాయంత్రం ఆయన చెప్పిన నోట్సు, ఎర్రగీతలతో, పసుపు రంగు మచ్చలతో కనిపించేది. ఎర్రగీత ఉన్నచోట మాట తప్పుగా పడిందని. పసుపు పూసినచోట ఆ మాటకి అక్కడ పనిలేదని. ఎర్రవి సరిచేసి, పసుపువి తీసేసి, చివర ‘పూర్తి’ అన్న గడిలో టిక్కు పెడితే ఆ నోట్సు ఆయన ఆఫీసుకి వెళ్లిపోయేది. అప్పుడు లేచి పొయ్యి వెలిగించేదాన్ని.

ఇప్పుడూ అంట్లు తోముతున్నాను. ఒక పళ్లెం, ఒక గిన్నె, చిటికెలో అయిపోతాయి. తర్వాత అలవాటుగా అదే కుర్చీలో కూర్చుంటాను. ట్యాబ్‌కి చార్జింగ్ పెడుతూనే ఉన్నాను. దిద్దడానికి కొత్తగా ఏమీ రాదు.

మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. లిఫ్టు ఆగిపోతేనే ఆయన్ని పిలుస్తారు కాబట్టి ఆయన బతుకంతా ఎక్కింది మెట్లే. మెషీను గది ఎప్పుడూ పైకప్పు మీదే ఉంటుంది. పనిముట్ల సంచీ భుజాన తగిలించుకుని అక్కడిదాకా ఎక్కేవారు. బాగుచేశాక హాయిగా అందులోనే దిగొచ్చు కదా, అదీ లేదు. మళ్లీ మెట్లే.

“అంతస్తుకో చోట ఆగి తలుపుకి చెవి ఆనిస్తే అది ఎలా నడుస్తోందో తెలుస్తుందే. లోపల నిలబడితే ఏం తెలుస్తుంది, అద్దంలో నీ మొహం కనపడ్డం తప్ప” అనేవారు.

కంపెనీలో ఆయన అసలు పేరు జీతాలిచ్చేవాళ్లకి తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. అందరికీ ఆయన మెట్లాయన.

ఆయన లిఫ్టులకి కూడా పేర్లుండేవి, అవి ఆయన పెట్టినవే. కళ్లాసుపత్రిలో ఉన్న పాత లిఫ్టు అత్తగారు. ఎంత సేవ చేసినా మూలుగు ఆగదు. బట్టలకొట్టు లిఫ్టు అల్లుడుగారు. ఏ కారణమూ లేకుండా అలిగి మధ్యలో నిలబడిపోతాడు, కాసేపు బతిమాలితే కదులుతాడు. ఆఫీసులుండే పెద్ద భవనంలోది కొత్తకోడలు. వచ్చిన చప్పుడుండదు, వెళ్లిన చప్పుడుండదు. “ఇంకా మొదటి ఏడే కదా, చూద్దాం” అనేవారు దాని గురించి. ఆయనతో పనిచేసే పొడుగాయన కూడా ఈ పేర్లే వాడేవాడు. ఫోనులో వాళ్లిద్దరి మాటలూ వింటే ఎవరింట్లోనో పెద్ద గొడవ జరుగుతోందనుకోవాలి.

ఇదివరకు ఏ రోజు ఏం బాగుచేశారో ఒక కాగితం మీద నాలుగు ముక్కలు గీకి ఇచ్చేవారు. తర్వాత కంపెనీ అందరికీ ట్యాబులు పంచింది. నోట్సు రాసే యాప్ ఒకటి అందులో వేసి, ఏ లిఫ్టుకి ఏం జరిగిందో రోజూ వివరంగా అందులోనే రాయాలంది. మా ఆయన వేళ్లు లావు. గ్రీజు పట్టి పట్టి కొసలు మొద్దుబారాయి. ఒక అక్షరం నొక్కితే పక్కనున్న రెండూ పడేవి.

“ఇది మనుషుల కోసం చేశారా, పిచ్చుకల కోసం చేశారా” అని ట్యాబ్‌ని నా వైపు తోసేశారు. నాకా, చదువు అంతంతమాత్రం. చదవడం వచ్చు గానీ రాయాలంటే ఒత్తులు తారుమారవుతాయి.

మా అమ్మాయి అచ్చుపని చేసే ఆఫీసులో ఉద్యోగం చేస్తుంది. అల్లుడూ తనూ ఉండేది మా ఇంటికి ఒక బస్సు దూరంలోనే. తను వచ్చి చూసి, “నాన్నా, మీరు నొక్కడం దేనికి, చెప్పండి. అదే రాసుకుంటుంది” అని మైకు బొమ్మ ఎక్కడుందో చూపించింది.

అప్పట్నుంచీ సాయంత్రం ఆయన కాళ్లు చేతులు కడుక్కొచ్చి, వంటింటి గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని, ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని చెప్పేవారు. నేను పొయ్యి దగ్గర ఉండేదాన్ని. చెప్తే రాసుకుంటుంది, నిజమే. కానీ ఎవరు ఎవరికి చెప్తున్నారో దానికి తెలియదు కదా. చెవిన పడ్డదల్లా రాసేది. ఆయన మాటలూ నా మాటలూ ఒకే వరసలో వచ్చి పడేవి.

ఒకరోజు కంపెనీ మీటింగులో సూపర్‌వైజరు ఆయన నోట్సు పైకి చదివాడట. ‘బ్రేకు లైనింగు అరిగింది, మార్చాలి. ఏమే నా బనీను ఎక్కడ పడేశావు. తలుపు కింద గాడిలో చెత్త తీశాను. దండెం మీదే ఉందండీ కాస్త కళ్లు పెట్టి చూడండి.’

గదంతా ఒకటే నవ్వులట. ఆయన కూడా నవ్వుతూనే ఇంటికొచ్చి నాకు చెప్పారు. చెప్తున్నంతసేపూ చెవులు ఎర్రగా ఉన్నాయి. ఆ తర్వాత నాలుగు రోజులు ట్యాబ్ ముట్టలేదు.

ఆదివారం అమ్మాయి వస్తే సంగతి చెప్పాను. తను ఆ నోట్సు యాప్‌కే ఇంకొకటి తగిలించింది, తప్పులు దిద్దేది.

“ఇదిగో అమ్మా, తప్పుకి ఎర్రగీత పెడుతుంది. పనికిరాని మాటకి పసుపు పూస్తుంది. నువ్వు పొద్దున ఒకసారి చూసి నొక్కేయడమే.”

“నేనా? నాకేం వచ్చునే?”

“నీకు రానక్కర్లేదమ్మా, దానికి వచ్చు. నువ్వు వేలు పెడితే చాలు.”

మా ఆయన కళ్లజోడు సర్దుకుని ఎర్రగీతల్ని చూసి, “అచ్చం మా బడి మేష్టారే. బెత్తం ఒక్కటే తక్కువ” అన్నారు. ఆ రోజు నుంచి దాని పేరు మేష్టారు. అప్పటిదాకా చెప్పిన పాత నోట్సులన్నిటినీ అమ్మాయి ఆ పూటే దానిచేత దిద్దించేసింది.

అలా ఆ పని నాది అయింది. మొదట్లో ఏది నొక్కితే ఏమైపోతుందోనని ఊపిరి బిగబట్టి నొక్కేదాన్ని. పోనుపోను చెయ్యి తిరిగింది. ఎర్రగీతల కింద సరైన మాట చూసీ చూసీ నా ఒత్తులు కూడా కుదురుకున్నాయి. బియ్యంలో రాళ్లేరినట్టు పసుపు మాటలు ఏరేసేదాన్ని. ‘ఉప్పు తగ్గిందే.’ ‘ఇంకా పొయ్యి మీదే ఉందండీ ఎవరు తినమన్నారు.’ ‘అమ్మాయి ఫోను చేసిందా.’ ‘నీ మోకాలు ఎలా ఉంది.’ ‘ఆ నూనె రాసుకున్నావా లేదా.’ మేష్టారు వాటన్నిటికీ పసుపు పూసేవారు. నేను తీసేసేదాన్ని.

సాయంత్రం ఆయన అడిగేవారు, “ఇవాళ ఎంత ఊడ్చావేంటి?”

“చాటెడు.”

“మేష్టారికి నా మీద అంత కోపం ఎందుకే?”

“మీరు తిన్నగా చెప్పరు కదా మరి.”

“నేను తిన్నగానే చెప్తున్నా. మధ్యలో నువ్వే వస్తున్నావు.”

మేష్టారు ఒక్కోసారి లిఫ్టుల మాటలకి కూడా పసుపు పూసేవారు. ‘అత్తగారు ఇవాళ కొంచెం నెమ్మదించింది’ అంటే దానికేం అర్థమవుతుంది. తీసేయనా అంటే, “అది ఉంచు. పొడుగాయనకి అలా ఉంటేనే బోధపడుతుంది” అనేవారు. కాబట్టి లిఫ్టుల మాటలు లిఫ్టులకి ఉంచి, నా మాటలు తీసేసేదాన్ని. నోట్సు శుభ్రంగా, కడిగిన ముత్యంలా ఆఫీసుకి వెళ్లేది. మళ్లీ ఎవరూ నవ్వలేదు. ఒకసారైతే సూపర్‌వైజరే, మెట్లాయన నోట్సు చూసి నేర్చుకోండి అన్నాడట. ఆ రోజు ఆయన నాకు పువ్వులు తెచ్చారు. ఎందుకని అడిగితే, “జీతం” అన్నారు.

ఆయన పోయిన రోజు నేనింకా బల్ల దగ్గర కూర్చోలేదు. గిన్నెలు తోముతుండగా ఫోను మోగింది.

పొద్దున్నే అల్లుడుగారు అలిగాడని కబురొస్తే బట్టలకొట్టుకి వెళ్లారు. పైకి ఎక్కుతూ ఎక్కుతూ మధ్యలో మెట్ల మలుపు దగ్గర కూర్చున్నారు. సంచీ ఒళ్లో పెట్టుకుని, తల లిఫ్టు గోడకి ఆనించి. మెట్లు తుడిచే ఆవిడ కింది నుంచి తుడుచుకుంటూ వచ్చింది. ఆయన్ని ఎప్పుడూ అలాగే చూసింది కాబట్టి, ఆయన చుట్టూ తడిగుడ్డ పెట్టుకుని, ఆయన బూట్లకి తడి తగలకుండా తుడిచి, పై అంతస్తుకి వెళ్లిపోయింది. తిరిగి కిందికి వచ్చేటప్పటికీ ఆయన అలాగే ఉన్నారు.

“వింటున్నారేమో అనుకున్నానమ్మా. కదిలిస్తే ఏమనుకుంటారోనని ఊరుకున్నా” అని ఆవిడ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆవిడ మీద నాకేమీ కోపం లేదు. నేనైనా అలాగే అనుకునేదాన్ని.

వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. అమ్మాయి కొన్నాళ్లు నా దగ్గరే ఉండి, ఉద్యోగానికి మళ్లీ వెళ్లక తప్పదు కాబట్టి వెళ్లింది. ఇల్లు బావురుమంటూ ఉంది. ఒకరోజు పొద్దున ఆ కుర్చీలో కూర్చుని, ఆయన మాట వినాలనిపించి ట్యాబ్ తెరిచాను. నోట్సులు బోలెడున్నాయి, ఏళ్ల తరబడివి. ఒకటి తెరిచాను. లిఫ్టు తలుపు గాడి శుభ్రం చేయడమైనది. బ్రేకు సరిగానే ఉన్నది. ఇంకొకటి తెరిచాను. అదీ అంతే. ఎవరో చదువుకున్నాయన కుర్చీలో తిన్నగా కూర్చుని రాసినట్టున్నాయి. అత్తగారూ అల్లుడుగారూ అక్కడక్కడా ఉన్నారు. నేను లేను. నన్ను పిలిచిన మనిషీ లేరు.

నాలుగైదు చూశాక కళ్లు ఆనలేదు. వెతుకు అని పైన ఒక గడి ఉంటుంది. అందులో ఏమే అని కొట్టాను. ఆయన రోజుకి ఎన్నిసార్లు అనేవారో ఆ మాట. నేను వినీ వినిపించుకోకుండా ఉంటే గొంతు పెంచి ఇంకోసారి అనేవారు.

ఒకే ఒక్కటి దొరికిందని చూపించింది.

చివరిది. ఆయన పోవడానికి ముందురోజు సాయంత్రం చెప్పింది. మర్నాడు నేను దిద్దాల్సింది. పైనున్న ఒక్క ముక్క మాత్రం కనపడుతోంది, ‘కళ్లాసుపత్రి, అత్తగారు’ అని. దాని పక్కన పసుపు చుక్క. తెరవడానికి వేలు పెట్టి కూడా తీసేశాను. తెరిస్తే అదొక్కటీ అయిపోతుందనిపించింది.

అమ్మాయికి ఫోను చేసి అడిగాను, “దిద్దకముందువి ఎక్కడైనా ఉంటాయా?”

“ఏవమ్మా?”

“మీ నాన్న మాటలు.”

ఆ సాయంత్రమే వచ్చింది. ట్యాబ్ ముందేసుకుని చాలాసేపు ఏవేవో తెరిచింది, మూసింది. దిద్దకముందు కాపీలు కొద్దిరోజులే దాచి పెడుతుందట. ఆ గడువు దాటిపోయింది. చెప్తూ చెప్తూ బల్ల మీద తల వాల్చేసింది.

“నేనే కదమ్మా దాన్ని పెట్టింది.”

“మీ నాన్నని చూసి నలుగురూ నవ్వకూడదని పెట్టావు. లేచి మొహం కడుక్కో.”

తనకి అలా చెప్పాను గానీ నా వేలి కొస వైపు చూసుకుంటే ఏదోలా ఉంది. నేను తీసేసింది చెత్త కాదు, ఆయన రోజూ నాతో గడిపిన సాయంత్రం. పోనీ అప్పుడెలా తెలుస్తుంది? రేపు సాయంత్రం ఇంకో చాటెడు మాటలు వస్తాయి కదా అనే ఎవరైనా అనుకుంటారు.

మర్నాడు అమ్మాయి సెలవు పెట్టి ఉండిపోయింది. అప్పుడే పొడుగాయన వచ్చాడు. మా ఆయన్ని అన్నా అనేవాడు, నన్ను వదినా అంటాడు. గుమ్మంలో తల వంచుకుని లోపలికొచ్చి, ఎప్పుడూ మా ఆయన కూర్చునే స్టూలు చూసి, దాని మీద కూర్చోకుండా గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

“ఎలా ఉన్నావు వదినా అని అడగడానికి నోరు రావట్లేదు.”

“అడక్కు. కూర్చో, టీ పెడుతోంది అమ్మాయి.”

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. కళ్లాసుపత్రి లిఫ్టు ఇప్పుడు ఇతని లెక్కలోకి వచ్చిందట. దిగేటప్పుడు ఉండుండి నేలకి రెండు వేళ్ల కిందకి ఆగుతోందట.

“కళ్లకి కట్లు కట్టుకున్నవాళ్లు వదినా. గడప ఉందని వాళ్లకేం తెలుసు? మొన్న ఒక పెద్దాయన తట్టుకుని బోర్లా పడ్డాడు. దేవుడి దయవల్ల దెబ్బ తగల్లేదు. బ్రేకు విప్పి బిగించా, మార్చా, ఏం చేసినా మళ్లీ అంతే. అన్న పోయే ముందురోజు అక్కడికే వెళ్లాడు, ఏదో కనిపెట్టాడు. ‘దొరికిందిరా, నోట్సులో పెడతా చూడు’ అని ఫోనులో చెప్పాడు. నువ్వు టిక్కు పెట్టలేదు కదా, మాకు రాలేదు.”

ఆ మాట విన్నాక ఇంక తెరవనని ఎలా అంటాను. కళ్లు కనపడని మనిషి కాలు తట్టుకుంటుంటే.

“చదువుతా, రాసుకో” అన్నాను.

అతను జేబులోంచి కాగితం తీశాడు. అమ్మాయి టీ గ్లాసులు బల్ల మీద పెట్టి నా వెనక నిలబడింది. నేను తెరిచాను. చదవడం మొదలుపెట్టాక ఏది చదవాలో ఏది వదిలెయ్యాలో చూసుకోలేదు. ఉన్నది ఉన్నట్టు చదువుకుంటూ పోయాను.

‘కళ్లాసుపత్రి, అత్తగారు. దిగేటప్పుడు రెండు వేళ్లు కిందకి ఆగుతోంది. బ్రేకు కాదు. బ్రేకు బాగానే ఉంది, దాని జోలికి పోవద్దు.’

“చచ్చాను” అన్నాడు పొడుగాయన మెల్లిగా.

‘ఏమే ఏదో మాడుతున్న వాసన. మన ఇంట్లో కాదండీ పక్కింట్లో. ఆ సరే. మెషీను గది కప్పు కారుతోంది. వాన పడితే నీళ్లు వచ్చి తాళ్ల మీద పడుతున్నాయి. తడిసిన తాడు చక్రం మీద జారుతోంది. ఎండరోజు వెళ్లి చూస్తే దొరకదు, వానరోజే చూడాలి. ప్రస్తుతానికి పట్టా కప్పి వచ్చాను, గాలికి ఎగిరిపోతుంది. కప్పు మీద రేకు మార్చమని ఆసుపత్రి వాళ్లకి చెప్పాలి, తాళ్లు తుడవాలి.’

పొడుగాయన పెన్ను పరిగెడుతోంది. “పట్టా ఎగిరిపోయింది, మూలన పడుంది. అది ఎందుకుందో నాకేం తెలుసు” అన్నాడు. అతనికి కావాల్సింది అక్కడితో అయిపోయింది. నేను ఆపలేదు.

‘అంతేనా అయిందా. అయింది. ఈమధ్య మెట్లు ఎక్కువైనట్టున్నాయే. మెట్లు ఎక్కువవడమేంటండీ ఎన్నుండేవో అన్నే. అదే మరి, అన్నే ఉన్నాయి. చూశావా ఇదీ రాసేసింది. రేపు మా ఆవిడ ఇదంతా ఊడ్చేస్తుంది. ఊడ్చనీ. వడ్డించనా. వడ్డించు.’

అక్కడితో అయిపోయింది. నా గొంతే ఆయన మాటా చదివింది, నా మాటా చదివింది. అమ్మాయి చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది. పొడుగాయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, మళ్లీ తీసి, మళ్లీ మడిచాడు.

“నాకూ అన్నాడు వదినా, మెట్లు ఎక్కువయ్యాయని” అన్నాడు చివరికి. “వయసయిందిలే అన్నా అని నవ్వా.”

“నేనూ నవ్వాను. టీ చల్లారిపోతుంది, తాగు.”

అతను వెళ్లేముందు గుమ్మం దగ్గర ఆగి, “ఆ టిక్కు ఒకటుంది వదినా. అన్న పేరు మీద ఒకటి మిగిలి ఉందని ఆఫీసు కంప్యూటరు రోజూ చూపిస్తోందట. అది పూర్తయితే అన్న నోట్సులన్నీ మూసేసి పక్కన పెడతారు. సూపర్‌వైజరు నన్నే అడగమన్నాడు, నీకు ఫోను చేయడానికి మొహం చెల్లక” అన్నాడు.

అమ్మాయి అంది, “నేను చేస్తా అమ్మా. ముందు మొత్తం కాపీ తీసి నీకు దాచి పెడతాను. తర్వాత దీంట్లో పసుపువి తీసేసి పంపిద్దాం. నీకు పోయేదేమీ ఉండదు.”

మంచి మాటే. కాపీ తీసి పెట్టమన్నాను, తను తీసి పెట్టింది కూడా. కానీ రెండోది చేయనివ్వలేదు.

“అలాగే పంపమంటావా పోనీ?”

“నవ్వుతారు.”

“మరి ఏం చేద్దాం?”

“లిఫ్టుకి కావాల్సింది లిఫ్టుకి వెళ్లింది కదే. ఇంకేం చేయక్కర్లేదు.”

పొడుగాయన మా ఇద్దరి మొహాలూ చూసి, “కంప్యూటరు చూపిస్తే చూపించనీ వదినా. దాని సొమ్మేం పోయింది” అని తల వంచుకుని గుమ్మం దాటాడు. తర్వాత వానలో ఆసుపత్రికి వెళ్లి తాళ్లు తుడిచాడట, రేకు మార్పించాడట. అత్తగారు నెమ్మదించిందని ఫోను చేసి చెప్పాడు. మా ఆయనకి చెప్పాల్సిన మాట నాకు చెప్పినట్టుంది.

ఈ పొద్దున కూడా అంట్లు తోమాను. ఇల్లు ఊడ్చాను, గుమ్మం పక్కన స్టూలు జరిపి దాని కింద కూడా ఊడ్చి, మళ్లీ దాని చోట దాన్ని పెట్టాను. బల్ల తుడిచాను. ట్యాబ్ తెరిస్తే మేష్టారు పసుపు పూసుకుని కూర్చునే ఉన్నారు, ఏడెనిమిది మచ్చలు, తీసేయనా అని అడుగుతూ. కింద ‘పూర్తి’ అన్న గడి ఖాళీగా ఉంది. ఒకసారి చివరిదాకా చదువుకున్నాను. వడ్డించు అన్న దగ్గర కాసేపు ఆగాను.

తర్వాత దాన్ని అలాగే మూసి, చార్జింగ్ పెట్టి, పొయ్యి వెలిగించడానికి లేచాను.